కింది మనిషి

అంజినప్పను చెట్టెక్కవద్దన్న రెండో మనిషి నారాయణస్వామి అయ్యోరు. మొదట అన్నది డాక్టరు. కాని డాక్టరు మాటను అంజినప్ప మందుల చీటీతోపాటే మడిచి గూట్లో పెట్టేశాడు. అయ్యోరి మాటను అట్లా పెట్టడానికి గూడు లేదు. తోట ఆయనది.

పుంగనూరు నుంచి సదుం పోయే దారిలో, ఊరు దాటిన రెండు మైళ్ళకు ఉంది ఆ మామిడి తోట. హెడ్మాస్టరుగా రిటైరై పదేళ్ళు కావస్తున్నా ఆ చుట్టుపక్కల ఆయన్ను అందరూ అయ్యోరనే పిలుస్తారు. ముప్పయ్యారు చెట్లు, సగం బేనీషా, సగం తోతాపురి. కోత ముగిసి ఆఖరి ట్రాక్టరు మండీకి పోయిన వారానికి అంజినప్ప, అతని భార్య మునెమ్మ తోటలో దిగుతారు. అంజినప్ప చెట్టెక్కి ఎండుపుల్లలు, ఒకదాన్నొకటి రాసుకునే కొమ్మలు, బదనిక పట్టిన కొమ్మలు కోసి వేస్తాడు. బదనిక అంటే మామిడి కొమ్మ మీదే మొలిచి, దాని సారమే తాగి, చివరికి దాన్నే ఎండబెట్టే మొక్క. మునెమ్మ కింద నిలబడి, పడినవాటిని ఈడ్చి కుప్ప వేస్తుంది. ఇరవయ్యారేళ్ళుగా ఇదే వరస. అంజినప్ప చెయ్యి పడితే చెట్టు నవ్వుతుందని పుంగనూరు తోటలవాళ్ళు చెప్పుకునేవారు. మునెమ్మ చేతి గురించి ఎవరూ ఏమీ చెప్పుకోలేదు. కుప్ప వేసినందుకు పేరేముంటుంది.

పోయిన సంవత్సరం పని తొమ్మిదో చెట్టు దగ్గర ఆగిపోయింది. కాలికింది కొమ్మ ఉన్నట్టుండి చీలి, అంజినప్ప పదిహేనడుగుల పైనుంచి పడ్డాడు. కుడి భుజం విరిగింది. మదనపల్లెలో కట్టు కట్టారు. ఎముక మూడు నెలల్లో అతుక్కుంది గాని, చెయ్యి భుజం దాటి పైకి లేవడం మానుకుంది.

"ఎక్కుతా అయ్యోరా," అన్నాడు అంజినప్ప ఆ గురువారం పొద్దున, తోట గేటు దగ్గరే నిలబడి. "చెట్టు నాకేమన్నా కొత్తా."

అయ్యోరు మోటారు షెడ్డు ముందు నులకమంచం మీద కూర్చుని ఉన్నారు. కళ్ళద్దాలు తీసి పంచె కొంగుతో తుడిచారు. "నీ తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకో, చూస్తాను."

అంజినప్ప చెయ్యి తువ్వాలు వైపు సగం లేచి, అక్కడే ఆగిపోయింది. ఏడాదిగా ఆ తలపాగా చుడుతున్నది మునెమ్మ. తెల్లవారి గడప లోపల జరిగే ఆ పని ఈయనకెట్లా తెలిసిందని అతను భార్య వంక చూశాడు. మునెమ్మ పక్క చెట్టు కొమ్మల్లోకి శ్రద్ధగా చూస్తూ నిలబడింది.

"ఆమె మీద కండ్లెర్ర చెయ్యబాక. నలభై ఏండ్లు పిల్లోళ్ళ చేతులు చూసినవాణ్ణి, నాకెవరూ చెప్పే పన్లేదు," అన్నారు అయ్యోరు. "నువ్వు ఇంకొకసారి పడితే నీకంటే ముందు నేను పోతా. నేల మీద నిలబడి చేసే దావ ఉంటే చెయ్యి. మదనపల్లెలో మా సుదర్శన్ అంగట్లో పొడుగు కర్రలకు రంపాలు పెట్టి అమ్ముతాండారంట. నా దగ్గర చదువుకున్నోడే. నాకు ఒత్తులూ దీర్ఘాలూ తెలుసు గాని రంపాలు తెలీవు. చీటీ రాసిస్తా, నీకేది కుదురుతాదో నువ్వే ఏరుకో. మంగళవారానికి పని మొదలు కావల్ల. లేదంటే కుప్పం మనుషుల్ని పిలవాల్సిందే."

కుప్పం మనుషులంటే మిషను రంపాలేసుకుని వ్యానులో దిగే నలుగురు. ఒక్క దినంలో తోటంతా ముగించి పోతారు. వాళ్ళు పోయాక చెట్లు తిరుపతి పోయి గుండు కొట్టించుకొచ్చినట్టు ఉంటాయి. ఆ సంగతి అయ్యోరికీ తెలుసు. అయ్యోరి తోట వాళ్ళ చేతికి పోతే మిగతా తోటలూ అదే దారి పడతాయని అంజినప్పకు తెలుసు. అతనికి వేరే పని రాదు. యాభై దాటాక నేర్చుకోవాలనీ లేదు.

"కుప్పం మనిషినొకదాన్ని ఇరవయ్యారేండ్ల కిందట్నే తెచ్చుకున్నా. అది సాలు నాకు," అన్నాడు, బింకం వదలకుండా.

మునెమ్మ పుట్టిల్లు కుప్పానికి అవతల, కొండ కింద పల్లె. తండ్రి మేకలు కాసేవాడు. అయ్యోరు ఆ మాటకు నవ్వి చీటీ రాయడానికి కాగితం వెతుక్కున్నారు. మునెమ్మ నవ్వలేదు. చెట్టు దగ్గర ఆమె నవ్వడం, మాట్లాడటం రెండూ తక్కువే. కొత్తకోడలుగా వచ్చిన ఏడాది అంజినప్ప తండ్రి ఆమెను చెట్టు కింద నిలబెట్టి చెప్పాడు. చెట్టు మీది మనిషిని కింది మనిషి పిలవకూడదు. పిలిస్తే తల కిందికి తిరుగుతుంది, తల తిరిగితే కాలు జారుతుంది. పిలిచేది ఎప్పుడూ పైమనిషే. రంపం చివరికి రాగానే అంజినప్ప "కొమ్మొస్తాండాది, జరుగు" అని కేకేస్తాడు. మునెమ్మ పక్కకు జరిగి "ఊఁ, రానీ" అంటుంది. పొద్దున మొదలుపెట్టి పొద్దు గూకేదాకా ఇద్దరి మధ్యా ఆ రెండు ముక్కలే. సంగటి మూట విప్పినప్పుడు మాత్రం ఆమె అంతవరకు దాచుకున్న మాటలన్నీ కలిపి ఒక్కసారే వడ్డించేది.

*

సుదర్శన్ అంగడి మదనపల్లె బస్టాండుకు దగ్గరే. టమాటాలకు మందు కొట్టే ట్యాంకులు, మోటారు పైపులు, తాళ్ళ చుట్టలు దాటుకుని లోపలికి పోతే గోడకు ఆనించి దోట్లు, కొనలో వలో రంపమో బిగించిన పొడుగు కర్రలు, ఉన్నాయి. సుదర్శన్‌కు నలభై దాటి ఉంటాయి. కూర్చుని ఉన్నవాడు అయ్యోరి రాత చూడగానే లేచి నిలబడి చదివాడు. చదివి, చీటీని మడత నలగకుండా జేబులో పెట్టుకున్నాడు.

"అయ్యోరి తోటకంటే మంచి సరుకే ఇయ్యల్ల," అని ఒక్కొక్కటే తీసి అంజినప్ప ముందు పెట్టాడు. "ఇది కాయలు కోసేది, వల ఉంటాది సూడు. దీంతో నీ పని కాదు. ఇది పన్నెండడుగులు. ఒంపు రంపం, కొనలో కొక్కెం, తేలిక పైపు. ఇండ్లకాడ మునగ కొమ్మలు, మల్లె పందిర్లు కొట్టుకునేవాళ్ళు తీసుకపోతారు. ఇంగ ఇది సూడప్పా."

మూడోది గోడంతా ఆక్రమించుకుని ఉంది. ఒకదాంట్లో ఒకటి దూరే మూడు పైపులు. మరలు వదులు చేసి లాగితే పద్దెనిమిది అడుగులు. కొనలో పెద్ద రంపం, దాని పక్కన తాడు లాగితే కొరికే కత్తెర. బెంగుళూరు నుంచి తెప్పించిందట. దానికి అందని చెట్టు ఈ సీమలో లేదట.

అంజినప్ప దాన్ని వీధిలోకి తెచ్చి, మూడు పైపులూ లాగి నిలబెట్టాడు. ఎదురంగడి మిద్దె పిట్టగోడ దాటింది. దారినపోయే ఇద్దరు ముగ్గురు ఆగి పైకి చూశారు. ఏడాదిగా ఎవరూ తన పని చూడటానికి తల పైకెత్తలేదు. అతనికి ఒళ్ళు పులకరించినట్టయింది. చెట్టు దిగాడే గాని ఎత్తు దిగడానికి అతనికి మనసు రాలేదు. ఎడం చేత్తోనే బరువంతా మోస్తున్నానని, కుడి చెయ్యి ఊరికే పైపుకు ఆని ఉందని తెలిసి కూడా తెలియనట్టు ఉండిపోయాడు.

లోపల మునెమ్మ పన్నెండడుగుల దోటి దగ్గర నిలబడి ఉంది. చూసేవాళ్ళెవరూ లేరనుకుని దాన్ని తీసి అరచేతి మీద అడ్డంగా పెట్టింది. ఒకవైపు ఒరిగితే చెయ్యి రవంత జరిపింది. పైపు అటూ ఇటూ ఒరగకుండా నిలిచిన చోట వేలితో గుర్తు పెట్టుకుని, అక్కడ పట్టుకుని నిలువుగా ఎత్తింది. కళ్ళు చేతి మీద లేవు, కొన మీద ఉన్నాయి.

"అమ్మా, అది దించు. ట్యూబులైటు పగుల్తాది," అన్నాడు సుదర్శన్ వెనక నుంచి. అతను మంచివాడే, గట్టిగా కూడా అనలేదు. "మగోళ్ళు సూసుకుంటాండారు గదా. నువ్వు ఆడ స్టూలు మీద కూసో."

మునెమ్మ దాన్ని ఉన్నచోటే పెట్టి స్టూలు మీద కూర్చుంది. ఆ మాట వీధిలో ఉన్న అంజినప్పకు వినిపించింది. అప్పుడతనికి అందులో తప్పేమీ తోచలేదు.

"ఎట్లుండాది?" అని అడిగాడు ఆమెను, పొడుగు దోటిని మళ్ళీ ముడుస్తూ.

"బరువు గాదా మామా?"

"పట్టుకునేది నేను గదా."

దోటిని బస్సు పైకెక్కించి తాళ్ళతో కట్టేటప్పుడు కండక్టరు కింద నుంచి "ఆడికృత్తిక అయిపాయె గదప్పా, ఇంగా ఈ కావడేంది?" అన్నాడు. కొండకు కావళ్ళు మోసుకుపోయే ఆ పండగ తలుచుకుని బస్సంతా నవ్వింది. అంజినప్ప కూడా నవ్వాడు. పుంగనూరు చేరేలోగా గతుకులకు భుజం సలపరం మొదలైంది. ఆ సంగతి అతను చెప్పలేదు. మునెమ్మ కొంగు నాలుగు మడతలు పెట్టి అతని భుజానికీ కిటికీ కమ్మీకీ మధ్య దూర్చి, కిటికీ అవతల చూస్తూ కూర్చుంది.

*

శనివారం అయ్యోరు బంధువుల పెళ్ళికి పోయారు. తోటలో ఇద్దరే. ముందు సులువైన చెట్టు చూద్దామని అంజినప్ప గేటు పక్కనున్న మొదటి బేనీషా కిందికి దోటి తెచ్చాడు.

నడిచెట్టులో బదనిక ఉందని అతనికి తెలుసు. పోయినేడు కొట్టిందే మళ్ళీ మొలిచి ఉంటుంది. దోటి అడుగును పొట్టకు ఆనించుకుని, ఎడం చేత్తో ఎత్తి, రంపాన్ని ఆకుల్లోకి పంపాడు. కింద వేలెడు కదిలితే పైన మూరెడు ఊగుతోంది. ఊగిన ప్రతిసారీ రంపం పక్క కొమ్మ బెరడు గీరింది. చెమట కళ్ళలోకి దిగింది. తల వెనక్కి వాల్చి ఎంత చూసినా, కనబడేదల్లా నల్లటి గీతలు, వాటి సందుల్లో కళ్ళు చెదిరే వెలుతురు.

తండ్రితో తిరిగిన కాలం కూడా కలుపుకుంటే నలభై ఏళ్ళు అతను చెట్టును లోపలి నుంచే చూశాడు. ఏ కొమ్మ ఎక్కడ పుట్టిందో అరికాలికి తెలుసు. ఎండిందో పచ్చిదో గోటితో గీరితే తెలుస్తుంది. బదనిక పట్టినచోట కొమ్మ కణుపు ఉబ్బి ఉంటుంది, అది చేతికి తగులుతుంది. ఇప్పుడు చెయ్యి లేదు, అరికాలు లేదు, ఉన్నది పద్దెనిమిది అడుగుల అవతల ఒక ఇనుప పన్ను. ఇది తను ఎక్కిన చెట్టేనా అని అనుమానం వచ్చింది.

ఆ మాట ఒప్పుకుంటే పని పోయినట్టే. గుర్తున్న చోట రంపం ఆనించి లాగడం మొదలుపెట్టాడు. పొట్టు కళ్ళలో రాలింది. పది నిమిషాలకు కొమ్మ చిటచిటమంది.

"కొమ్మొస్తాండాది, జరుగు."

"ఊఁ, రానీ."

కొమ్మ ధబ్బున పడింది. లేత ఆకులతో, ముంజేతి లావున, చీడ మచ్చ లేని కొమ్మ. వచ్చే ఏడు యాభై అరవై కాయలు కాయవలసిన కొమ్మ. బదనిక పైనే ఉంది. కొమ్మ పోయిన సందులోంచి ఇప్పుడు దాని ఎర్రపూలు అంజినప్పకు కూడా కనిపించాయి.

అతను దోటిని చెట్టుకు ఆనించి, నేల మీద కూలబడ్డాడు. మునెమ్మ కొమ్మ దగ్గరికి వచ్చింది గాని ఈడవలేదు. కోసిన చోట అరచెయ్యి పెట్టి నిలబడింది.

"నీకు తెలుసా?" అన్నాడు.

ఆమె తలూపింది.

"రంపం పెట్టేటప్పుడే తెలుసా?"

"పక్క కొమ్మకు పెట్టల్ల. బదనికాకు మందంగా, రవ్వ బూడిద రంగుగా ఉంటాది. కిందినుంచి బాగా తెలుస్తాది."

"మరి యాల సెప్పలేదు?"

మునెమ్మ అతని వంక వింతగా చూసింది. "కొమ్మ కోసే మనిషిని పిలవకూడదు గదా మామా."

"నేను నేల మీదనే గదా ఉండాను."

ఆమె అతని కాళ్ళ వైపు చూసింది. మట్టిలో చాపి ఉన్న రెండు కాళ్ళు. "అవును గదా," అంది మెల్లిగా. ఆ సంగతి ఆమెకు అప్పుడే తట్టినట్టుంది. ఇరవయ్యారేళ్ళ అలవాటు గొంతును పట్టుకుని ఉంటే కళ్ళకు కనబడేది కూడా కనబడదు. అంజినప్పకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ముందు నవ్వాడు. ఆమె నవ్వలేదు. కొమ్మ పక్కనే కూర్చుని లేత ఆకులు ఒక్కొక్కటే గిల్లడం మొదలుపెట్టింది.

"పోయినేడు గూడా సూసినా," అంది ఆకుల వైపే చూస్తూ.

"ఏం సూసినావు?"

"తొమ్మిదో చెట్టుకాడ. నువ్వు కాలు పెట్టినావే, ఆ కొమ్మ. దాని అడుగున చీలిక ఉండె. పైనుంచి నున్నంగా ఉంటాది, నీకు తెలీదు. కింద నాకు తెల్లంగా కనపడె. నువ్వు ఇంగా పక్క కొమ్మ మీదనే ఉండావు. నోరు తెరిచినా మామా. మీ నాయన మాట గుర్తొచ్చె. పిలిస్తే తల తిప్పి పడతావేమో అనుకుంటి. పిలవకపోయినా పడితివి."

మూడు నెలలు ఆమె ముద్ద కలిపి నోట్లో పెట్టింది. ఏడాదిగా తెల్లవారగానే వెనక నిలబడి తలపాగా చుడుతోంది, చుట్టాక ఒక క్షణం అరచేతులు రెండూ తల మీద ఉంచుతోంది. బిగువు సరిచూస్తోందనుకున్నాడు. ఆ చేతులు ఏడాదిగా ఏం మోస్తున్నాయో అతనికి తెలియలేదు. కొమ్మను తిట్టాడు, తన కాలిని తిట్టుకున్నాడు, దేవుణ్ణి కూడా నాలుగు తిట్టాడు. ఇంట్లో ఒక మనిషి తప్పంతా తనదేనని నోరు మూసుకుని తిరుగుతున్నదని అతనికి తోచనే లేదు.

"మునీ," అన్నాడు. పెళ్ళయిన కొత్తలో అట్లా పిలిచేవాడు. "మా నాయన ఎప్పుడూ పైన ఉండే మనిషి. పైన ఉండేవాడికి తెలిసిందే ఆయన సెప్పినాడు. కింద నిలబడితే ఏం కనపడతాదో ఆయనకూ తెలీదు, నాకూ తెలీదు. నీ తప్పు లేదు."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. పొట్టు పడిందంది. పడిందేమో.

కొంచెంసేపటికి అంజినప్ప లేచి, ఎడం చెయ్యి ఇచ్చి ఆమెను లేపాడు. "సూపించు. ఈ చెట్టుకు ఏమేం తియ్యల్ల?"

మొదట వేలు చూపడానికే ఆమె బెదిరింది. తర్వాత ఒక్కొక్కటీ చెప్పుకొచ్చింది. ఆ ఎండుపుల్ల, దాని వెనక రెండు. ఆ కొమ్మ తీస్తే నడిచెట్టుకు మధ్యాహ్నం ఎండ వస్తుంది, దాని మీదిది తీస్తే రాదు. రెండో చెట్టుకు పోయారు, మూడో చెట్టుకు. అన్నీ ఆమెకు తెలుసు. ఏ చెట్టు ఏ ఏడు ఎటు వాలిందో, ఏ కొమ్మను అంజినప్ప తొందరపడి కొట్టాడో, ఏది కొట్టవలసి ఉండీ మరిచాడో కూడా తెలుసు. చెప్పడానికే ఎవరూ అడగలేదు. ఎనిమిదో చెట్టు దాకా అంజినప్ప ఆమె వెనకే నడిచాడు. చాలా ఏళ్ళ తర్వాత అతనికి పని నేర్చుకుంటున్నట్టు అనిపించింది.

"నీకు దోటి పట్టేదొస్తాదా?" అని అడిగాడు చివరికి.

"మేకలకు ఆకెవురు కొట్టినారనుకున్నావు? పన్నెండేండ్ల పిల్లప్పట్నుంచి నేనే."

ఆమెను ఉడికించాల్సి వచ్చినప్పుడల్లా "మేకలదానా" అనేవాడు. ఆ మాటలో ఇంత పనితనం ఉందని అతను ఎప్పుడూ ఆలోచించలేదు. పొడుగు దోటిని ఆమె చేతికిచ్చాడు. ఆమె తేలే చోటు వెతికి పట్టుకుని ఎత్తింది. కొన ఎండుపుల్ల దాకా తిన్నగా పోయింది, అక్కడ వణికింది. ఆమె మెల్లిగా దించేసింది.

"దీనికి ఇద్దరు కావల్ల మామా. ఇది చెట్టు కోసం చేసింది కాదు, అంగట్లో నిలబెట్టేదానికి చేసింది."

*

సోమవారం పొడుగు దోటిని మార్చుకోవడానికి తిరిగి తెచ్చిన వాళ్ళను చూసి సుదర్శన్ "ఏమప్పా, పొడుగు సాల్లేదా?" అన్నాడు.

"ఎక్కువాయె," అన్నాడు అంజినప్ప.

రంపానికి అంటిన మామిడి జిగురు చూసి సుదర్శన్ ముఖం కొంచెం మాడ్చుకున్నాడు. కాని అయ్యోరి చీటీ ఇంకా అతని జేబులోనే ఉన్నట్టుంది. పన్నెండడుగుల దోటి తీసి అంజినప్ప ముందు పట్టాడు. అంజినప్ప చెయ్యి చాపలేదు.

"నాకు కాదు. ఆమెకియ్యి."

సుదర్శన్ ఒకసారి అతన్ని, ఒకసారి ఆమెను చూసి, దోటిని ఆమె వైపు తిప్పాడు. మునెమ్మ వీధిలోకి తెచ్చి అరచేతి మీద తూచింది. నిలువుగా ఎత్తి, కొన మీద చూపు నిలిపి, అట్లాగే పట్టుకుంది. ఒక బస్సు వచ్చి స్టాండులోకి తిరిగింది, ఇంకొకటి బయటికి పోయింది. కొన వణకలేదు. తర్వాత రంపాన్ని గోటితో మీటి, పన్ను లోపలి వైపు ఒంగి ఉందో లేదో చూసింది. లాగేటప్పుడు కోయాలి, నెట్టేటప్పుడు కాదు. నెట్టే బలం కిందినుంచి అంతదూరం పోదు.

"పన్నెండడుగులు మామిడి చెట్టుకు యాడ సాల్తాదమ్మా?" అన్నాడు సుదర్శన్. ఈసారి ఎగతాళి లేదు, నిజంగానే అడిగాడు.

"దీని అడుగు నా రొమ్ముకాడ ఉంటాది. నాలుగడుగులు నేనే ఉండానప్పా. పన్నెండూ నాలుగూ పదహారు." ఆమె మనసులో చెట్లు లెక్కపెట్టుకుంది. "ఏటేటా కొట్టిన తోట. పదహారు దాటి సెయ్యాల్సినవి నాలుగే చెట్లు. వాటిని తరవాత సూస్తాం."

సుదర్శన్ ఇన్నేళ్ళుగా దోటి పొడుగే చెప్పి అమ్ముతున్నాడు, పట్టుకునే మనిషిని ఎప్పుడూ కలపలేదు. అతను లోపలికి పోయి, స్టూలు తెచ్చి అంజినప్పకు వేశాడు. "నువ్వు కూసోప్పా. ఆమె సూసుకుంటాండాది గదా," అన్నాడు. అంజినప్ప బుద్ధిగా కూర్చున్నాడు.

*

మంగళవారం పొద్దునే అయ్యోరు తోటకు వచ్చారు. గేటు పక్క చెట్టులో ఖాళీ సందు చూసి ఆగిపోయారు.

"అది నేను సేసిన తప్పు," అన్నాడు అంజినప్ప. "మంచి కొమ్మ పోయింది. ఇంగ నేను కొట్టను. మునెమ్మ కొడతాది."

అయ్యోరు ఆమె వంక కళ్ళద్దాల పైనుంచి చూశారు. ఆయన జేబులో కుప్పం మనుషుల ఫోను నంబరు రాసిన కాగితం ఉంది. దాన్ని ఒకసారి తడిమి చూసుకుని, "ఒక్క చెట్టు చూస్తా. తరవాత చెప్తా," అన్నారు.

"తొమ్మిదోది మొదలుపెడతా అయ్యోరా," అంది మునెమ్మ. "ఆగిన కాణ్ణుంచి."

తొమ్మిదో చెట్టు పోయినేడు ఎట్లా వదిలేశారో అట్లాగే ఉంది. అంజినప్ప పడిన కొమ్మ పూర్తిగా ఊడిరాలేదు. సగం చీలి, వేలాడి, ఏడాదిలో మొండి ఎండిపోయింది. మునెమ్మ కొంగు నడుముకు బిగించి దోటి తీసుకుంది. అంజినప్ప ఆమెను ఆపాడు. తన తలపాగా విప్పి, ఎడం చేత్తో, పళ్ళతో, నానా తంటాలు పడి ఆ తువ్వాలును ఆమె తలకు చుట్టాడు. వంకరగా వచ్చింది. చుట్టాక ఒక క్షణం అరచెయ్యి ఆమె తల మీదే ఉంచాడు.

"పొట్టు పడతాది," అన్నాడు.

ముందు ఎండుపుల్లలు. కొక్కెం తగిలించి ఒక్క గుంజు గుంజితే చిటుక్కున తెగి పడుతున్నాయి. తర్వాత రాసుకునే కొమ్మలు. ఆమె తొందరపడలేదు. ఒక కోత కోసి, దోటి దించి, నాలుగడుగులు వెనక్కి పోయి చెట్టును చూసి, మళ్ళీ వచ్చేది. కొమ్మ అడుగున ముందు చిన్న గాటు పెట్టి, తర్వాత పైనుంచి కోసేది, బెరడు లేవకుండా. అంజినప్ప పడినవాటిని ఎడం చేత్తో ఈడ్చి కుప్ప వేశాడు. కొమ్మల మొదళ్ళన్నీ ఒకవైపు ఉండేలా వేయడం ఆమె అలవాటు. అదెందుకో అతనికి ఇన్నేళ్ళూ తెలియలేదు. పది కొమ్మలు ఈడ్చాక తెలిసింది, అట్లా వేయకపోతే మోపు కట్టేటప్పుడు చేతులు గీరుకుపోతాయి. వీపు వంచి లేచేసరికి నడుం కలుక్కుమంది. ఇరవయ్యారేళ్ళు ఈ నడుం నొప్పి మాట ఆమె సంగటి దగ్గర కూడా చెప్పలేదు.

గంటన్నరకు చెట్టు నడుమ ఆకాశం కనిపించింది. నేల మీద ఎండ చిన్న చిన్న చుక్కలుగా పడింది. అయ్యోరు చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగారు. జేబులోంచి కాగితం తీసి, దాని ఖాళీ వైపు పెన్నుతో గబగబ ఏదో రాసి అంజినప్పకు ఇచ్చారు. పక్క తోట సుబ్బరాయుడికి చీటీ. మునెమ్మను పంపిస్తున్నానని, దగ్గరుండి పని చేయించుకొమ్మని ఉంది. అంజినప్ప కూడబలుక్కుని చదివి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అయ్యోరు షెడ్డు వైపు మోటారు వేయడానికి పోయారు.

ఇక మిగిలింది ఆ చీలిన మొండి. బరువైనది. మునెమ్మ దాని అడుగున గాటు పెట్టి, రంపం పైకి మార్చి లాగసాగింది. అంజినప్ప కింద కుప్ప సర్దుతున్నాడు. రంపం చప్పుడు మారింది. ఆ మార్పు అతనికి చెవులతో కాదు, ఒళ్ళంతటితో తెలుసు. ఇంకో నాలుగు లాగుళ్ళకు కొమ్మ వస్తుంది. తల ఎత్తాడు. మొండి సరిగ్గా అతని నెత్తి మీదే ఉంది.

రంపం ఆగిపోయింది.

మునెమ్మ దోటి పట్టుకుని బిగుసుకుపోయి నిలబడింది. నోరు తెరిచి ఉంది. గొంతులోంచి ఏమీ రావడం లేదు. పోయినేడు ఇదే చెట్టు కింద, ఇదే కొమ్మ వైపు చూస్తూ ఆమె ఇట్లాగే నిలబడి ఉంటుందని అంజినప్పకు అర్థమైంది. పక్కకు జరగడం ఎంతసేపు, ఒక్క అడుగు. జరిగితే ఆమె పిలవనవసరం ఉండదు. ఈ ఏడూ ఆ మాట ఆమె గొంతులోనే ఉండిపోతుంది.

అతను జరగలేదు. చేతిలో కొమ్మ కింద పడేసి, ఆమె వైపు చూస్తూ అక్కడే నిలబడ్డాడు.

"పిలువు మునీ," అన్నాడు మెల్లిగా. "నువ్వు పిలిస్తేనే జరుగుతా."

పైన మొండి చిటపటమంది. మునెమ్మ ఊపిరి పీల్చుకుంది.

"కొమ్మొస్తాండాది మామా, జరుగు!"

ఆ కేకకు షెడ్డు దగ్గర అయ్యోరు చెయ్యి స్విచ్చి మీదే ఆగిపోయింది. సదుం రోడ్డు మీద సైకిలుపై పోతున్న మనిషి దిగి చూశాడు. ఏడాదిగా దాచిన గొంతు, ఇరవయ్యారేళ్ళుగా దాచిన గొంతు, అంతా ఒక్కసారే వచ్చినట్టుంది. అంజినప్ప నాలుగడుగులు పక్కకు జరిగాడు.

"ఊఁ," అన్నాడు. "రానీ."

మునెమ్మ రంపం లాగింది.